సోమవారం నాటి విశ్వాసం: క్రైస్తవ నడవడిని కట్టుకునే దారి

1876–78 నాటి ధాత కరువులో ఒంగోలు చుట్టుపక్కల జనం గింజ దొరక్క ఊళ్ళు విడిచిపోతున్న రోజుల్లో, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పనిని కాంట్రాక్టుకు తీసుకున్నారు. మిషనరీ కాకముందు సర్వే పని చేసినవారు కనుక ఆ బాధ్యతను మోయగలిగారు. తెలుగు బోధకులనే పని మీద పెద్దలుగా నిలిపి, ఆకలితో వచ్చినవారికి కూలి ఇప్పించారు. ఆ జనంలో బాప్తిస్మం అడిగినవారు ఎందరో ఉన్నారు, ఆయన మాత్రం ఇవ్వలేదు. చేతిలో కరువు సాయం ఉన్నంతకాలం ఎవరు క్రీస్తు కోసం వస్తున్నారో, ఎవరు గింజల కోసం వస్తున్నారో తేల్చలేమని, సాయం పంచడం ముగిసేదాకా ఆగమన్నారు. సాయం ఆగిపోయాక కూడా జనం రావడం ఆగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కో విడతకు ఇద్దరు చొప్పున నీళ్ళలో నిలబడి ఆ పని నడిపించారు.

మన సభల్లో ఆ 2,222 అనే అంకెను తరచుగా వింటాం గానీ, దానికి ముందు ఆయన పట్టిన బిగువును గురించి అంతగా వినం. అంతకు చాలా ముందే, 1866లో మాదిగ విశ్వాసి ఎర్రగుంట్ల పేరయ్యతో మొదలై సువార్త మాదిగ పల్లెల్లోకి వెళ్ళిన కాలంలో, కొత్తగా నమ్మినవారికి క్లౌ పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలను పూజించవద్దు. ఈ మూడింటిలో ఏదీ మనసులో దాచుకుని పాటించగలిగేది కాదు. ఊరి జాతరకు డప్పు కొట్టమని పిలిచినప్పుడు రాలేనని చెప్పాలి, ఆదివారం పొలానికి పిలిచిన ఆసామికి కూడా ఆ మాటే చెప్పాలి, దాని వల్ల వచ్చే కష్టాన్ని భరించాలి. మారినవాడు మారాడని ఊరు మొత్తానికీ తెలిసేది.

ఈ మార్గదర్శి ఆ పద్ధతి మీదే నడుస్తుంది. క్రైస్తవ నడవడి కూటాల్లో కలిగే ఉద్వేగంతో ఏర్పడదు. మరొకరు చూసి అవునో కాదో చెప్పగలిగే, మనకు ఎంతో కొంత నష్టం కలిగించే చిన్న నిర్ణయాలను పట్టుదలగా పాటించడం వల్ల ఏర్పడుతుంది. ఇది రక్షణను సంపాదించుకునే దారి అని ఎవరూ పొరబడవద్దు. రక్షణ కృప వల్ల కలిగిందని ఎఫెసీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం స్పష్టంగా చెబుతుంది, ఆ వెంటనే పదో వచనంలో సత్క్రియలు చేయడానికే మనం సృష్టించబడ్డామని కూడా చెబుతుంది. మన బోధల్లో మొదటి మాటకు దొరికినంత సమయం రెండో మాటకు దొరకదన్నది నా అభిప్రాయం.

మొదటి అడుగు: ఒక్క చోటును ఎంచుకోవడం

ఉపవాస కూటం ముగిసిన రాత్రి మనిషి అన్నిటినీ మార్చుకుంటానని తీర్మానించుకుంటాడు, వారం తిరిగేసరికి ఏదీ మారి ఉండదు. కనుక ఒక నోటు పుస్తకం తీసుకుని, 139వ కీర్తన చివరి రెండు వచనాలను ప్రార్థనగా చదివి, మీ జీవితంలో ఎక్కడ జారుతున్నారో రాయండి. డబ్బు, నాలుక, కోపం, మాట తప్పడం, ఫోనులో చూసేవి, కులం పేరుతో చేసే తేడా, ఇలా ఏదైనా కావచ్చు. ఆ తరువాత ఇంట్లో ఒకరిని, మీ దగ్గర పని చేసేవారిలో ఒకరిని అడగండి. భార్యను అడిగేటప్పుడు "నాలో లోపం ఏమిటి?" అని అడిగితే సర్దుబాటు మాటే వస్తుంది. "ఈ నెలలో నేను నిన్ను ఎప్పుడు బాధపెట్టాను?" అని అడిగితే తేదీతో సహా జవాబు వస్తుంది. ఆ జవాబుకు సంజాయిషీ ఇవ్వకుండా వినడమే ఈ అడుగులో అన్నిటికన్నా కష్టమైన భాగం.

జాబితాలో నుండి ఒక్కదాన్ని మాత్రమే తీసుకోండి, దాన్ని పనిగా రాయండి. "ఓపిక పెంచుకుంటాను" అని రాసుకుంటే పాటించామో లేదో ఎవరూ చెప్పలేరు. "పిల్లవాడి మార్కుల కాగితం చూసిన రోజు భోజనం అయ్యేవరకు దాని ఊసెత్తను" అని రాస్తే ఆ రాత్రే తెలిసిపోతుంది. పేతురు రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయం అయిదో వచనం నుండి విశ్వాసానికి సద్గుణాన్ని, దానికి జ్ఞానాన్ని, దానికి ఆశానిగ్రహాన్ని, సహనాన్ని, భక్తిని, సహోదర ప్రేమను, దయను ఒకదాని తరువాత ఒకటిగా అమర్చుకోమంటుంది. అక్కడ కూడా అన్నీ ఒక్క రాత్రిలో వచ్చిపడవు.

రెండవ అడుగు: ఆ చోటుకు తగిన వాక్యం

రోజువారీ బైబిలు పఠనం ఎలాగూ ఉండాలి, దాన్ని గురించి కొత్తగా చెప్పవలసింది లేదు. నడవడి కోసం చదివేటప్పుడు మాత్రం కొంచెం చదివి ఎక్కువసేపు నిలవండి. సామెతలకు 31 అధ్యాయాలున్నాయి కాబట్టి తేదీని బట్టి రోజుకొక అధ్యాయం చదివే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది, అది మంచి అలవాటే. దానితో పాటు మత్తయి అయిదు నుండి ఏడు వరకు, యాకోబు పత్రిక మొత్తం నెలకొకసారి చదవండి. మీరు ఎంచుకున్న చోటుకు సూటిగా తగిలే ఒక వచనాన్ని కంఠతా పట్టి, ఆ తప్పు జరిగే స్థలంలోనే గుర్తు తెచ్చుకోండి. కోపానికి ఎఫెసీ 4:26, మాటకు మత్తయి 5:37, కూలికి ద్వితీయోపదేశకాండము 24:15, అప్పుకు కీర్తన 37:21 తగినవి. గోడకు తగిలించిన క్యాలెండరు మీది వాగ్దాన వచనం ఓదార్పునిస్తుందే గానీ దిద్దదు; ఈ పనికి దిద్దే వచనమే కావాలి.

మూడవ అడుగు: డబ్బు చేతులు మారే చోట

ఈ అడుగు దగ్గర ఎక్కువసేపు ఆగక తప్పదు, ఎందుకంటే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మన విశ్వాసం నిజంగా పరీక్షకు నిలిచేది కాటా దగ్గర, వేలం కేంద్రం దగ్గర, చీటీ పాట దగ్గర.

రొయ్యల పట్టుబడినే తీసుకోండి. తెల్లవారకముందే వల లాగి, ట్రేలలో పోసి, నీళ్ళు ఓడ్చి కాటా మీద పెడతారు. ధర అంతా కౌంటు మీద ఆధారపడుతుంది, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క మీద. కౌంటు తక్కువైతే రొయ్య పెద్దదన్నమాట, ధర ఎక్కువ. కౌంటు తీయడానికి ట్రేలో చెయ్యి పెట్టే క్షణంలోనే మోసానికి చోటుంది. కొనేవాడి మనిషి పై నుండి చిన్నవాటిని ఏరి కౌంటు పెంచుతాడు, రైతు మనిషి అడుగు నుండి పెద్దవాటిని తోడి కౌంటు తగ్గిస్తాడు. ఇద్దరూ ఆదివారం పక్కపక్క వరుసల్లో కూర్చుని పాట పాడేవారే కావచ్చు. క్రైస్తవుడు ఇక్కడ చేయవలసింది చెప్పడానికి సులువు: ట్రే కలియబెట్టి, చూడకుండా, దోసిలికి వచ్చినన్ని తీయమని తన మనిషికి ముందే చెప్పాలి, ఆ మాట అవతలివారి ఎదుటే చెప్పాలి. చెరువులో జబ్బు వచ్చినప్పుడు వాడరాని యాంటీబయాటిక్ వాడి ఉంటే ఆ సంగతి దాచి అమ్మడం ఇంకా పెద్ద తప్పు. ఆ సరుకు ఎక్కడో పరీక్షలో పట్టుబడితే ఆ నష్టం తనతో ఆగదు, చుట్టుపక్కల చెరువులవాళ్ళ మీద కూడా పడుతుంది.

పొగాకు రైతుకు ఇదే పరీక్ష బేలు కట్టేటప్పుడు వస్తుంది. పైన మేలైన ఆకు పేర్చి, మధ్యలో నాసి ఆకు పెట్టి కట్టిన బేలు వేలంలో నిలిచినా, నిలవకపోయినా కట్టినవాడికి లోపల ఏముందో తెలుసు. ధాన్యం కొనే వ్యాపారికి ఈ పరీక్ష తూకం దగ్గర వస్తుంది. నెల్లూరు లెక్కన పుట్టి అంటే 850 కిలోలు. తేమ పేరు చెప్పి దాని మీద ఎన్ని కిలోలు అదనంగా గుంజాడన్నది ఆయన సాక్ష్యంలో ఎప్పుడూ వినపడదు. న్యాయమైన త్రాసులు, న్యాయమైన గుండ్లు ఉండాలని లేవీయకాండము 19:36 చెబుతుంది. ఆ అధ్యాయంలోనే పొరుగువానిని ప్రేమించమన్న ఆజ్ఞ కూడా ఉంది. ఆ రెంటినీ ఒకే చోట పెట్టడంలో అర్థం ఉంది.

కూలి సంగతి ఇంతకన్నా సూటిగా ఉంటుంది. నాట్లు వేసి బురద కాళ్ళతో గట్టు మీద నిలబడిన ఆడవాళ్ళకు "రేపు మేస్త్రి చేత పంపిస్తాలే అమ్మా" అని బండి ఎక్కేయడం మన దగ్గర తప్పుగా కనిపించదు. కూలి ఆనాడే ఇయ్యాలని, సూర్యుడు అస్తమించకముందే ఇయ్యాలని ద్వితీయోపదేశకాండం చెబుతుంది. ఆపిన కూలి మొరపెడుతుందని యాకోబు పత్రిక అయిదో అధ్యాయం హెచ్చరిస్తుంది. పొలానికి వెళ్ళేటప్పుడే చిల్లరతో సహా డబ్బు పట్టుకుని వెళ్ళండి, లేదా ఫోనులో చెల్లించే ఏర్పాటు ఉందో లేదో ఉదయమే అడగండి. సాయంత్రం మర్చిపోయే అవకాశాన్ని ఉదయమే తీసేయాలి.

అప్పు, చీటీ, పూచీ అన్న మూడు మాటల్లో ఎన్నో సంఘాల తగవులు దాగి ఉన్నాయి. చీటీ పాడుకుని డబ్బు తీసుకున్న తరువాత వాయిదాలు ఎగ్గొట్టిన విశ్వాసి ఎంత బాగా ప్రార్థించినా మిగతా సభ్యులకు ఆ ప్రార్థన వినబుద్ధి కాదు. మీ అప్పులన్నీ ఒక కాగితం మీద రాసి, అన్నిటికన్నా చిన్నదాన్ని, అందునా పేదవారికి బాకీ ఉన్నదాన్ని ముందు తీర్చండి. తీర్చలేని నెలలో ముఖం చాటేయకుండా వెళ్ళి కనపడి గడువు అడగండి. సంఘంలో ఎవరైనా పూచీ ఉండమంటే సామెతలు 6, 22 అధ్యాయాలు చదివి, మీరు పూర్తిగా కట్టగలిగిన మొత్తానికి తప్ప ఒప్పుకోవద్దు. మొహమాటానికి సంతకం పెట్టి తరువాత సంఘం మారిపోయిన కుటుంబాలు మన ఊళ్ళలో తక్కువేమీ కాదు.

నాలుగవ అడుగు: తీసుకున్నది తిరిగి ఇవ్వడం

పశ్చాత్తాప ప్రార్థనలో కన్నీళ్ళు వస్తాయి, అవి నిజమైనవే. కానీ జక్కయ్య కన్నీళ్ళు పెట్టుకున్నట్టు లూకా రాయలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడని రాశాడు. మోషే ధర్మశాస్త్రం అసలుకు అయిదో వంతు కలిపి సొంతదారునికి ఇవ్వమంది, ఆ లెక్క లేవీయకాండము ఆరో అధ్యాయంలో ఉంది. పాత పొలం గట్టు జరిపినది, చెల్లెలి వాటాలో తగ్గించినది, పనిచేసిన దుకాణం నుండి తెచ్చుకున్నది, ఇలాంటివి మీకు గుర్తుకు వస్తే అందుకు చేయవలసిన పని ఒక్కటే. తిరిగి ఇచ్చేటప్పుడు ఉపన్యాసం వద్దు, సంఘంలో సాక్ష్యంగా చెప్పుకోవడం అంతకన్నా వద్దు. "ఇది మీది, నా దగ్గర ఉండిపోయింది, క్షమించండి" అన్నంత చాలు. ఇచ్చిన తరువాత అవతలివారు తిట్టినా అది వారి హక్కు. మనుషులు బతికి లేకపోతే వారి వారసులకు, వారసులూ లేకపోతే పేదలకు ఇవ్వవచ్చు. ఈ విషయంలో ఒక పెద్దను సంప్రదించడం మంచిది, ఎందుకంటే తిరిగి ఇవ్వబోయి కొత్త గొడవ రేపే సందర్భాలూ ఉంటాయి, ముఖ్యంగా ఆడవారి పరువుతో ముడిపడినవి.

అయిదవ అడుగు: నాలుక

చెప్పిన సమయానికి రావడం, చెప్పిన పని చేయడం, చేయలేకపోతే ముందే కబురు చేయడం, ఈ మూడూ మాట నిలబెట్టుకోవడంలో భాగాలు. నష్టం కలిగినా మాట తప్పని మనిషిని పదిహేనో కీర్తన దేవుని గుడారంలో ఉండదగినవాడని చెబుతుంది.

చాడీల విషయంలో మన సంఘాలకు ప్రత్యేకమైన జబ్బు ఒకటుంది: ప్రార్థన మనవి రూపంలో చాడీ చెప్పడం. "ఫలానా అక్క కూతురి గురించి ప్రార్థించండమ్మా, పేరు చెప్పకూడదు గానీ" అని మొదలయ్యే మనవి స్త్రీల కూటం ముగిసేలోపు ఊరంతా చేరుతుంది. మగవారు తక్కువ తినలేదు, వారి కూటం సంఘం వాట్సాప్ గ్రూపులో జరుగుతుంది. ఒక నియమం పెట్టుకోండి: ఆ మనిషి ఎదురుగా ఉంటే చెప్పలేని మనవిని ఆ మనిషి లేనప్పుడు చెప్పవద్దు, ఎవరైనా మొదలుపెడితే "వాళ్ళను అడిగి చెప్పండక్కా" అని మర్యాదగా ఆపండి.

ఆరవ అడుగు: ఇల్లు, పెళ్ళి సంబంధం, కులం

బయట శాంతమూర్తులని పేరు పొందిన పెద్దలు ఇంట్లో గొంతు పెంచడం కొత్త కాదు. కోపం వచ్చినప్పుడు ఏం చేయాలో కోపం లేనప్పుడే నిర్ణయించుకోవాలి: లేచి బయటికి వెళ్ళి నీళ్ళు తాగి రావడం, లేదా ఆ సంగతి రాత్రి ప్రార్థన తరువాత మాట్లాడదామని చెప్పడం. సూర్యుడు అస్తమించేవరకు కోపం నిలవకూడదన్న మాట వల్ల రాత్రి భోజనంలోపు ఎవరో ఒకరు ముందు మాట్లాడక తప్పదు. ఆ ముందు మాట్లాడేవారు ఇంటి యజమానే కావాలన్నది నా పట్టుదల.

పెళ్ళి సంబంధం కుదిరే రోజు క్రైస్తవ కుటుంబపు అసలు నడవడి బయటపడుతుంది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం తీసుకోవడమూ, ఇవ్వడమూ నేరమే. అయినా పాస్టరుగారు ప్రార్థన చేసి లేచిన తరువాత, పిల్లవాడి ఉద్యోగాన్ని బట్టి పొలం ఎంత, బంగారం ఎంత అన్న మాట మొదలవుతుంది. "మేము అడగడం లేదు, వారి ఇష్టం" అనే మాట దాని మీద కప్పే దుప్పటి. కొడుకున్న తల్లిదండ్రులు సంబంధాలు వెతకడానికి ముందే, ఏమీ తీసుకోబోమని పెద్దల ఎదుట చెప్పాలి. సంబంధం కుదిరాక చెబితే అది త్యాగంగా కనిపించి, అమ్మాయి జీవితమంతా మోయవలసిన ఉపకారమవుతుంది. కులం సంగతి ఇంకా లోతైనది. ఏ పల్లెల నుండి మన సంఘాలు పుట్టాయో మరచిపోయి, మాల, మాదిగ తేడాలతో ఒకే ఊళ్ళో రెండు గుడులు కట్టుకున్నవాళ్ళం, వేరే కులం విశ్వాసి ఇంట్లో భోజనానికి సాకులు వెతికేవాళ్ళం మనలోనే ఉన్నాము. దీనికి బోధ కన్నా ముందు భోజనం కావాలి: నెలకొకసారి మీ కులం కాని సంఘస్థుల ఇంటికి వెళ్ళి తినండి, వారిని పిలిచి మీ వంటగది పక్కనే కూర్చోబెట్టి పెట్టండి.

ఏడవ అడుగు: రహస్యంగా చేసేవి

ఉపవాసం, దానం, ప్రార్థన ఎవరికీ కనపడకుండా చేయమని మత్తయి ఆరో అధ్యాయం చెబుతుంది. పైన చెప్పినవన్నీ కనపడేవి కాబట్టి, మనిషి గర్వించకుండా ఉండడానికి ఇవి తోడుండాలి. దశమభాగం సంఘపు రసీదు పుస్తకంలోకి వెళ్ళనివ్వండి. దానికి మించి ఇచ్చేదాన్ని మాత్రం చెప్పకుండా ఇవ్వండి. శుక్రవారం ఉపవాసం ఉంటే ఆ పూట మిగిలిన బియ్యం ఎవరి ఇంటికి చేరాలో ముందే నిర్ణయించుకోండి. చక్కెర జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు వైద్యుడిని అడగకుండా ఉపవాసం ఉండవద్దు. వారు ఫోనును గానీ, టీవీని గానీ ఆ పూటకు విడిచిపెట్టవచ్చు.

ఎనిమిదవ అడుగు: లెక్క అడిగే మనిషి

మీ నోటు పుస్తకాన్ని చూసే హక్కు ఒకరికి ఇవ్వండి. పురుషునికి పురుషుడు, స్త్రీకి స్త్రీ ఉండటం క్షేమం. ఆ మనిషి మీకు బాకీ ఉన్నవాడు, మీ కింద పనిచేసేవాడు, మీ మాటకు తల ఊపేవాడు కాకూడదు. పాస్టరుగారే కానక్కరలేదు, పాస్టరుగారికి కూడా ఇలాంటి మనిషి ఒకరు ఉండాలి, ముఖ్యంగా కానుకల పెట్టె తాళం ఆయన చేతిలోనే ఉన్న సంఘాల్లో. వారానికి ఒకసారి కలిసినప్పుడు మూడు ప్రశ్నలు చాలు: రాసుకున్నది చేశావా, చేయని రోజు ఏం జరిగింది, ఇప్పుడు నాతో చెప్పినదంతా నిజమేనా?

చేయలేకపోయిన రోజులు తప్పకుండా వస్తాయి. ఆ రాత్రే తేదీ వేసి, ఏ గంటకు, ఎవరి ఎదుట, ఏ అవసరం మీద జారారో రాయండి. కొన్ని పేజీలు నిండాక ఒకే చోట, ఒకే వేళకు జారుతున్నారని కనపడుతుంది. తాగుడు లాంటి వ్యసనమైతే నోటు పుస్తకంతో ఆగకండి, ప్రార్థనతో పాటు వైద్యం కూడా చేయించండి. ఆసుపత్రికి వెళ్ళడం అవిశ్వాసం కాదు.

చాలా సంఘాల్లో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. తన్ను తాను పరీక్షించుకుని బల్ల దగ్గరకు రమ్మన్న పౌలు మాటను అనుసరించి, ఆ ముందు శనివారం సాయంత్రం నెల మొత్తపు పేజీలు తిరగేయండి. ఎవరికైనా మీ మీద ఏదైనా ఉందని అప్పుడు గుర్తుకు వస్తే, అర్పణను బలిపీఠం దగ్గర విడిచి ముందు వెళ్ళి సమాధానపడమన్న మాట ఉంది కాబట్టి, శనివారమే బయలుదేరండి. ఫోను చేస్తే సరిపోదు, మనిషిని కలవాలి. ఎంచుకున్న చోట నెల మొత్తం నిలబడ్డారని మీ లెక్క అడిగే మనిషి ఒప్పుకుంటేనే జాబితాలో రెండోదానికి వెళ్ళండి. ఆయన ఒప్పుకోకపోతే మరో నెల అదే రాసుకోండి.